దించిన గంట, వడ్డించిన గంట

పెళ్లి కార్డు మీద 'విందు: రాత్రి 7.30 గంటలకు' అని ఉంటుంది. ఉప్పల్ చుట్టుపక్కల ఏ ఫంక్షన్ హాలుకైనా ఏడున్నరకు ఠంచనుగా వచ్చేవాడు ఫొటోగ్రాఫర్ ఒక్కడే. బరాత్ రింగ్‌రోడ్డు దగ్గర ఇరుక్కుంటుంది. పెళ్లికూతురి మేకప్‌కు ఇంకో అరగంట పడుతుందని లోపలి నుంచి కబురొస్తుంది. వచ్చినవాళ్లు స్టేజీ ఎక్కి ఫొటో దిగకుండా భోజనాల వైపు కదలరు. తొలి ప్లేటు చేతికందేసరికి తొమ్మిది. కార్డును నమ్మిన క్యాటరర్ మాత్రం ఆరున్నరకే బగారా అన్నం దించేసి, గుండిగల మీద మూతలు పెట్టి, తడిగుడ్డ పరిచి కూర్చుంటాడు. మధ్యలో పోయిన ఆ రెండున్నర గంటలు పెళ్లివాళ్లు తమ ఖాతాలో రాసుకోరు, హాలు మేనేజరూ రాసుకోడు. తెల్లారి ఎవరి కడుపులోనైనా తిప్పితే అడిగే పేరు ఒక్కటే: వంట ఎవరిది?

క్యాటరింగ్‌లోకి దిగేవాళ్లలో చాలామంది చేతి రుచిని నమ్ముకుని వస్తారు. చుట్టాల ఇంట్లో నూరు మందికి వండి పెడతారు, 'నీ చేతి దాల్చా తింటే ఇంకెక్కడా తినబుద్ధి కాదు' అని నలుగురూ అంటారు, ఆ మాట మీద నాలుగు గుండిగలు, రెండు భట్టీలు కొంటారు. తప్పేం లేదు, ఈ రంగంలో పెద్దపేరు తెచ్చుకున్నవాళ్లూ అలా మొదలైనవాళ్లే. కానీ నూరు మందికి వండడానికి, ఆరు వందల మందికి వండడానికి తేడా ఉప్పూ కారాల కొలతలో లేదు. అది గడియారంలో ఉంది. ఇంట్లో దించిన పది నిమిషాలకు కంచంలో పడే అన్నం, ఫంక్షన్‌లో మూడు గంటలు ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపును ఎలా కొలవాలి, ఎలా తగ్గించాలి, ఎక్కడ 'కుదరదు' అనాలి అన్నది నేర్చినవాడికే ఈ వ్యాపారం నిలుస్తుంది.

లెక్క చూద్దాం. వెచ్చని తిండిలో అనువు దొరికితే చాలా రకాల బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒకటి గంటకు ఎనిమిదవుతుంది. నాలుగు గంటలకు 4,096. ఆరు గంటలకు 2,62,144. ఆ అనువైన వేడి ఎంత అంటే 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దాకా. హైదరాబాద్‌లో ఏ నెలలోనైనా, ఏసీ హాలులోనైనా గది వేడి ఆ హద్దుల మధ్యే ఉంటుంది. వైశాఖమాసపు పెళ్లిళ్లకు, బయట 41 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డు కింద వంటయితే ఇక చెప్పక్కర్లేదు.

అన్నం అమాయకమైన వస్తువని అందరి నమ్మకం. మాంసం పాడవుతుంది, పాలు విరుగుతాయి, అన్నానికేమవుతుంది అంటారు. బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంలోనే బీజాల రూపంలో ఉంటుంది. ఎసరు తెర్లినా ఆ బీజాలు చావవు. అన్నం దించి, గోరువెచ్చగా అయ్యాక అవి మేల్కొని పెరుగుతాయి, పెరుగుతూ వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. 'చల్లారితే ఏముంది, మళ్లీ వేడి చేద్దాం' అనే మాట పనికిరానిది ఇక్కడే. బ్యాక్టీరియా చస్తుంది గానీ అప్పటికే వదిలిన విషం మామూలు వేడికి పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. అంటే పెళ్లివాళ్లు అప్పగింతల్లో ఉండగానే.

మటన్ సంగతి వేరు. పెద్ద గుండిగలో చేసిన కూర పైపైన చల్లారినట్టు కనిపించినా నడిమధ్యన గంటల తరబడి నులివెచ్చగానే ఉంటుంది. గాలి ఆడని ఆ మధ్యభాగం క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్‌కు పుట్టిల్లు. ఒకేసారి వందల మందికి వండే చోటల్లా అది కనిపిస్తుంది కాబట్టి పాశ్చాత్యులు దానికి 'కెఫెటీరియా క్రిమి' అని పేరే పెట్టారు. ముందురోజు రాత్రే కూర చేసి పెట్టుకునే అలవాటున్న వంటమాస్టర్లు వినాల్సిన పేరు ఇది. చేసి పెట్టుకోవడం తప్పుకాదు, గుండిగలో పెట్టుకోవడం తప్పు. మూడంగుళాల లోతు మించని ట్రేల్లోకి వంచేసి చల్లార్చాలి. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ క్యాటరింగ్ తనిఖీ పట్టికలో ఈ లెక్క స్పష్టంగా ఉంది: ఫ్రిజ్‌లోకి వెళ్లే వండిన తిండి 60 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో దిగాలి, అక్కడి నుంచి 5 డిగ్రీలకు ఇంకో రెండు గంటల్లో. ఎనభై లీటర్ల గుండిగకు మూత పెట్టి పడుకుంటే ఆ లెక్క ఏ జన్మకూ కుదరదు.

ఇక చేతులు. ఈ విషయంలో క్యాటరింగ్ లోకం మరచిపోకూడని విమానం ఒకటుంది. 1975 ఫిబ్రవరి 3న టోక్యో నుంచి ప్యారిస్ వెళ్తున్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747లో 344 మంది ప్రయాణికులు హామ్, ఆమ్లెట్ తిన్నారు. దించింది ప్యారిస్‌లో కాదు, కోపెన్‌హాగెన్‌లో. 197 మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి, 144 మందిని ఆస్పత్రుల్లో చేర్చారు. అసలు కథ అలాస్కాలోని యాంకరేజ్ వంటగదిలో మొదలైంది. అక్కడ ఒక వంటవాడి వేళ్ల మీద చీము పట్టిన పుండ్లున్నాయి. ఆ పుండ్లలోని స్టాఫిలోకాకస్ హామ్ ముక్కల మీదికెక్కింది. అప్పటికైనా మించిపోయింది లేదు, తిండిని వెంటనే చల్లబరిచి ఉంటే సరిపోయేది. కానీ ప్లేట్లు గంటల తరబడి వంటగది వేడిలోనే ఉన్నాయి, ఆ తర్వాత చాలినంత చలి లేని చోట నిలవున్నాయి. విమానంలో ఓవెన్‌లో వేడి చేశారు, అయినా విషం పోలేదు. ఒక వేలు, కొన్ని గంటలు. రెండూ కలిసి ఒక విమానాన్ని ఆస్పత్రి వార్డు చేశాయి. ఆ వార్త విని క్యాటరింగ్ సంస్థ అధికారి ఒకరు ప్రాణం తీసుకున్నారు.

అంత దూరం వద్దనుకుంటే బాసర ఉంది. 2022 జులైలో అక్కడి ట్రిపుల్ ఐటీ మెస్‌లో మధ్యాహ్నం ఎగ్ ఫ్రైడ్ రైస్ తిన్న విద్యార్థులు వందమందికి పైగా అస్వస్థులయ్యారు. మెస్ కాంట్రాక్టులో నడిచేది. ఆ తర్వాత అది రాష్ట్రమంతటా రాజకీయమైంది, కాంట్రాక్టర్లను మార్చాలని విద్యార్థులు తిండి మానేసి కూర్చున్నారు. ఇలాంటప్పుడు వంటవాడి చేతి రుచి గురించి ఎవరూ మాట్లాడరు.

చట్టం ఏమంటుంది? 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం, దాని కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనలు, ఆ నిబంధనల చివర షెడ్యూల్ 4. క్యాటరర్‌కు భగవద్గీత లాంటిది ఈ షెడ్యూల్ 4. చాలామంది దాన్ని లైసెన్సు కోసం సంతకం పెట్టి మరచిపోతారు. నిజానికి అందులో కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవాడికి కావలసినంత సరుకుంది. దాని ఆధారంగా చేసిన తనిఖీ పట్టిక ప్రకారం, వేడిగా వడ్డించే శాకాహారం 65 డిగ్రీలకు, మాంసాహారం 70 డిగ్రీలకు తగ్గకుండా నిలబెట్టాలి. చల్లగా పెట్టేవి 5 డిగ్రీలు దాటకూడదు. గడ్డకట్టించినవి మైనస్ 18. మళ్లీ వేడి చేస్తే మధ్యభాగం 75 డిగ్రీలకు చేరి రెండు నిమిషాలు అక్కడే నిలవాలి. వేడినీళ్లు కలిపి వేడెక్కించడం, వేడినీటి తొట్టిలోనో దీపం కిందో పెట్టి వేడెక్కించడం కుదరదని అదే పట్టికలో విడిగా రాశారు. చేఫింగ్ డిష్ పని వేడిని నిలబెట్టడం మాత్రమే. చల్లారిన సాంబారును అందులో పోసి కింద జెల్ డబ్బా వెలిగించినవాడు బ్యాక్టీరియాకు పొదుగుపెట్టె తయారుచేసినట్టు.

ఈ అంకెలన్నీ చేతి వేలితో తెలియవు. గరిటెతో కలిపి, ఆవిరి చూసి, 'కాగింది' అనే మాస్టర్ అనుభవాన్ని తీసిపారేయలేం గానీ, 52 డిగ్రీలకీ 66 డిగ్రీలకీ తేడా ఆయన చూపుడు వేలికీ తెలియదు. కొన్ని వందల రూపాయలకు సూదిలాంటి ప్రోబ్ థర్మామీటర్ దొరుకుతుంది. ప్లేటు రేటులో దాని ఖర్చు కనిపించనే కనిపించదు. దాన్ని వాడేముందు సరిచూసుకోవడం ఇంకా తేలిక. గ్లాసు నిండా ఐసు ముక్కలేసి కొద్దిగా నీళ్లు పోసి కలిపి సూది ముంచితే సున్నా చూపించాలి. మరిగే నీళ్లలో ముంచితే? నూరు అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. నూరు చూపించలేదని మంచి థర్మామీటర్‌ను పారేసిన అమాయకులూ ఉండే ఉంటారు.

ఇప్పుడు ఈ లెక్కను నేల మీదికి దించి చూద్దాం. వంటశాల నాచారంలో, హాలు ఉప్పల్ భగాయత్‌లో, ఆరు వందల మంది అనుకుందాం. బగారా, చికెన్, మటన్, గుత్తి వంకాయ, పప్పుచారు, పెరుగు చట్నీ, డబుల్ కా మీఠా. కిలో బియ్యానికి పదిమంది చొప్పున వేస్తే 60 కిలోల బియ్యం. పాతకాలపు పద్ధతిలో అరవై కిలోలూ నాచారంలోనే వండి, ట్రాలీ ఆటోలో ఎక్కించి పంపుతారు. గడియారం చూసేవాడు అలా చేయడు. కూరగాయలు తరగడం, మసాలాలు నూరడం, తీపి చేయడం వంటశాలలో ముగిస్తాడు. అన్నం మాత్రం హాలు వెనక వండుతాడు, అదీ మూడు దఫాలు: 25 కిలోలు, 20, 15. మొదటి గుండిగ పొయ్యి మీదికెక్కేది కార్డులో రాసిన గంటను బట్టి కాదు, పెళ్లికొడుకు కారు హాలు గేటు దాటాక. రెండోది వరుసలో తొలి వందమంది ప్లేటు పట్టుకున్నాక. మూడోది మిగిలిన కుర్చీలు లెక్కపెట్టుకున్నాక, అవసరమైతేనే. ఆ ఆఖరి 15 కిలోలు వండకుండానే మిగిలిన రోజులుంటాయి, ఆ బియ్యం బస్తాలో భద్రంగా ఇంటికొస్తుంది. వండిన అన్నం మిగిలితే అలా తిరిగిరాదు. భద్రత ఖర్చు పెంచుతుందని వాదించేవాళ్లకు ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు.

హాలు వరంగల్ దారిలో నారపల్లి వైపు ఉంటే లెక్క మారుతుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన చేశారు. ఆ పనులు ఏళ్ల తరబడి నత్తనడకన సాగి, స్తంభాల మధ్య గుంతల రోడ్డు మీద జనం ఎంత నరకం చూశారో అటు తిరిగినవాళ్లను అడిగితే చెప్తారు. అలాంటి దారిలో సాయంత్రం వేళ అరగంట ప్రయాణం గంటన్నర కావచ్చు. మూతపెట్టిన గుండిగలో కూర ఊగుతూ, చల్లారుతూ వస్తుంటుంది. అందుకని అటువైపు ఆర్డరు తీసుకున్న క్యాటరర్ ముందురోజు అదే సమయానికి బండి మీద ఒకసారి వెళ్లి చూసుకోవాలి, హాట్‌బాక్సులు లేకుండా కూర బండెక్కించకూడదు. ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి సూది గుచ్చి అంకె రాసుకోవాలి. ఆ రెండు అంకెల మధ్య తేడాయే ఆ దారికి అసలైన దూరం.

పొద్దుటి టిఫిన్లలో ఇంకో చిక్కుంది: కొబ్బరి చట్నీ. తెల్లవారుజామున నాలుగింటికి రుబ్బేస్తారు. తాలింపు వేశాం కదా అని ధీమా. పైన వేసిన రెండు గరిటెల తాలింపు పాతిక లీటర్ల చట్నీని ఉడికించదు. తొమ్మిదిన్నరకు గృహప్రవేశం అతిథులు ఇడ్లీలో ముంచేసరికి ఐదున్నర గంటలు. పచ్చికొబ్బరి, పుట్నాలు, నీళ్లు, వెచ్చదనం, ఇంతకంటే మంచి మేత బ్యాక్టీరియాకు దొరకదు. కొబ్బరిని ముందురోజే చెక్కి ఫ్రిజ్‌లో పెట్టి, హాలు దగ్గరే గంటకోసారి కొద్దికొద్దిగా రుబ్బితే సరిపోతుంది. గ్రైండర్ మోసుకెళ్లడం బరువే. పెరుగు చట్నీ, కోసిన పండ్లు, పన్నీరు, కోవా తీపి, ఇవన్నీ ఇదే బాపతు.

లైసెన్సు విషయంలో నిర్లక్ష్యం ఎక్కువ, భయం అంతకంటే ఎక్కువ. రెండూ అక్కర్లేదు. 2011 నిబంధనల ప్రకారం ఏడాది టర్నోవరు 12 లక్షల లోపైతే రిజిస్ట్రేషన్, అది దాటితే రాష్ట్ర లైసెన్సు, 20 కోట్లు దాటితే కేంద్ర లైసెన్సు అనే లెక్క ఏళ్ల తరబడి నడిచింది. హద్దులు సవరిస్తుంటారు కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫోస్కోస్ పోర్టల్‌లో చూసుకోవడమే మేలు. 12 లక్షలంటే పెద్ద మొత్తమని మురిసిపోయేవాళ్లు ఒకసారి లెక్కేసుకోవాలి: ప్లేటు 300 రూపాయల చొప్పున 400 మంది పెళ్లి అంటే లక్షా ఇరవై వేలు. అలాంటివి పది చేస్తే ఒక్క మాఘమాసంలోనే ఆ హద్దు అందుకున్నట్టు. ఇంకో తమాషా ఏమిటంటే, మతపరమైన, సామాజిక వేడుకల్లో తిండి పంచేవాళ్లను చిన్న వ్యాపారులుగా చూసిన అదే నిర్వచనం 'క్యాటరర్ మినహా' అని పనిగట్టుకుని రాసింది. అంటే గుడి దగ్గర అన్నదానం చేసేవాడూ, ప్లేటు రేటు కట్టి వండేవాడూ ఒకటి కాదని చట్టానికి మొదటి నుంచీ తెలుసు. 14 అంకెల నంబరు వచ్చాక దాన్ని బిల్లు మీద వేయడం 2022 జనవరి నుంచి తప్పనిసరి. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్. ఈ ఒక్క ముక్క తెలిసిన కస్టమర్ ముందు పాత జిరాక్సు కాగితం నడవదు.

లైసెన్సు తీసుకోకుండా నడిపితే ఆ చట్టం 63వ సెక్షన్ కింద జరిమానా ఉంది. తిన్నవాళ్లకు ప్రాణహాని జరిగితే 65వ సెక్షన్ ప్రకారం కనీసం ఐదు లక్షలు, తీవ్రంగా దెబ్బతింటే మూడు లక్షల దాకా, మిగతా సందర్భాల్లో లక్ష దాకా పరిహారం. పది పెళ్లిళ్ల లాభం ఒక రాత్రిలో పోతుంది.

నాచారం క్యాటరర్‌కు మిగతా ఊళ్లవాళ్లకు లేని పొరుగు ఒకటుంది. రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉన్నది నాచారంలోనే. రాష్ట్రంలో ఎక్కడ ఏ ఫుడ్ సేఫ్టీ అధికారి శాంపిల్ తీసినా పరీక్షకు సాధారణంగా వెళ్లేది అక్కడికే. శాంపిల్‌ను నాలుగు భాగాలు చేస్తారు: ఒకటి విశ్లేషకుడికి, రెండు జిల్లా స్థాయి అధికారి దగ్గర భద్రంగా, నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు పొందిన మరో ల్యాబ్‌కు. ఆ నాలుగో భాగం తన హక్కని తెలియని క్యాటరర్లే ఎక్కువ. విశ్లేషకుడు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఇంత పొడుగు వ్యవహారం రాకముందే తన జాగ్రత్త తాను పడే పద్ధతి ఒకటి విమానాల వంటశాలల్లో ఉంది. ప్రతి ఐటమ్‌లో ఓ గుప్పెడు శుభ్రమైన డబ్బాలో తీసి, పేరు, తేదీ, గంట రాసి ఫ్రిజ్‌లో రెండుమూడు రోజులు ఉంచడం. పెళ్లయిన మర్నాడు ఫోనొస్తే, 'మా వంట అలాంటిది కాదు' అని వాదించే బదులు డబ్బా తీసి చూపించవచ్చు. తప్పు తనదే అయినా ఏ ఐటమ్ వల్లో తెలుస్తుంది, డాక్టర్లకు పనికొస్తుంది.

2024 వేసవి నుంచి రాష్ట్ర ఆహార భద్రతా టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్ హోటళ్ల మీద పడ్డప్పుడు బయటపడ్డవాటిలో వింతలేమీ లేవు. గడువు తీరిన సరుకు, మూతల్లేని చెత్తబుట్టలు, ఫ్రిజ్‌లో పచ్చి మాంసం పక్కనే వండిన కూర, పనివాళ్ల ఆరోగ్య పరీక్షల కాగితాలు లేకపోవడం. అన్నీ షెడ్యూల్ 4లో ఉన్నవే. అదే ఏడాది అక్టోబరులో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, పదుల మంది ఆస్పత్రి పాలయ్యాక పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. పెళ్లిళ్లలో పిల్లల కోసం పెట్టే శాండ్‌విచ్ కౌంటర్లు కూడా ఆ దెబ్బతో ఆలోచనలో పడాల్సి వచ్చింది.

వడ్డన కుర్రాళ్ల గురించి రెండు మాటలు. రాత్రికింత అని మాట్లాడుకుని వచ్చే కాలేజీ పిల్లలు, అడ్డా మీది కూలీలు. ఎక్కడి నుంచి వచ్చారో, నిన్న జ్వరం ఉందో లేదో ఎవరూ అడగరు. తెల్లచొక్కా, నల్ల బో టై ఇస్తే సరిపోయిందనుకుంటారు. తిండి ముట్టేవాళ్లకు ఏటా వైద్య పరీక్ష, టైఫాయిడ్ లాంటి పేగు జబ్బులకు టీకా ఉండాలన్నది నిబంధన. రోజుకూలీకి అదంతా ఎలా అంటే, కనీసం వచ్చిన పదిమందిని వరుసలో నిలబెట్టి అరచేతులు చూడటం ఎలాగూ కుదురుతుంది. గోళ్లు, పుండ్లు, కట్లు. వేలికి గాయమున్న కుర్రాడికి కూలీ ఎగ్గొట్టకుండా కుర్చీలు సర్దే పని ఇవ్వాలి, లేకపోతే మరుసటిసారి గాయం దాచేస్తాడు. పెద్ద వంటశాలల్లో నీలం రంగు ప్లాస్టర్లు వాడతారు, తిండిలో నీలంగా ఉండేవి చాలా అరుదు కాబట్టి ఊడిపడితే వెంటనే కనబడుతుందని. ఫంక్షన్ హాళ్ల వెనక వంటచోట్ల కుళాయి ఉంటుంది, సబ్బు ఉండదు. కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాను, సబ్బు సీసా సామాన్ల జాబితాలో మొదటి వరుసలో రాసుకోవాలి. పాతికమంది పనివాళ్లకు ఒకరు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫోస్టాక్ శిక్షణ పొంది ఉండాలని చెప్తారు. ఆ శిక్షణ కొన్ని గంటల పనే. మాస్టర్‌ను పంపితే ఆయన మాటకు విలువ పెరుగుతుంది, యజమాని వెళ్తే ఇంకా మంచిది.

ఐసు కూడా చూసి కొనాలి. చేపలకు, శవాలకు వాడే పారిశ్రామిక ఐసు, తాగే జ్యూస్‌లో వేసే ఐసు ఒకే రంగులో ఉండటం వల్లే మోసం జరుగుతోందని తినకూడని ఐసులో నీలం రంగు కలపాలని 2018లో నిబంధన తెచ్చారు. వెల్‌కమ్ డ్రింక్ కౌంటర్‌కు లేత నీలం దిమ్మె వస్తే వెనక్కి పంపేయడమే.

ఇదంతా యంత్రాలతో, కాగితాలతో అయ్యే పని. కష్టమైనది మనుషులతో. రాత్రి పన్నెండు దాటింది, సామాన్లు సర్దుతున్నారు. పెళ్లికూతురి బాబాయి ఓ నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని వస్తాడు.

"అన్నా, మిగిలిన చికెన్ ఇండ్ల కట్టియ్యి. పొద్దుగాల పిల్లలు తింటరు."

"కాకా, అది తొమ్మిదింటి సంది బయటనే ఉంది. పొద్దటికి పనికిరాదు."

"పైసలు కట్టినం గదనే."

ఇక్కడ చాలామంది క్యాటరర్లు తలొంచుతారు. పైసలు కట్టినాయన, రేపు ఇంకో ఆర్డరు చెప్పే ఆయన. కానీ పొద్దున ఆ చికెన్ తిన్న పిల్లలకు కడుపు పాడైతే పేరు బాబాయిది రాదు. గడుసైన క్యాటరర్లు దీనికి రెండు దారులు పెట్టుకుంటారు. ఒకటి, వడ్డన మొదలవకముందే ఇంటివాళ్ల కోసం రెండు డబ్బాలు వేడివేడిగా తీసి హాట్‌బాక్సులో పెట్టి, ఆ రాత్రే తినమని చేతికివ్వడం. రెండు, బుకింగ్ కాగితంలోనే 'వడ్డన ముగిశాక మిగిలిన బఫే ఆహారం ప్యాక్ చేయబడదు' అని తెలుగులో రాసి సంతకం తీసుకోవడం. అప్పుడు రాత్రి పన్నెండింటికి గొడవ పెట్టుకునేది మనిషి కాదు, కాగితం.

అనాథాశ్రమాలకు పంపుదామనే మంచిమనసు కూడా ఇక్కడే పుట్టుకొస్తుంది. పంపవచ్చు, దానికి 2019లో మిగులు ఆహార పంపిణీ నిబంధనలు విడిగా వచ్చాయి. కానీ పంపేది ముట్టని గుండిగలోది కావాలి, వేడి తగ్గనిది కావాలి, ఎప్పుడు వండారో ఎప్పటిలోపు తినాలో రాసి ఉండాలి. బఫేలో వందమంది గరిటెలు తిరిగిన కూరను పుణ్యం పేరుతో పిల్లల కంచాల్లోకి తోయడం దానం కాదు.

అలాగే 'కలర్ బాగా రావాలె' అనే కోరిక. ఎర్రటి చికెన్ ఫ్రై కావాలని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. అలాంటి ఎరుపు కోసం కబాబుల్లో కలిపే కృత్రిమ రంగుల్ని కర్ణాటక 2024 జూన్‌లో నిషేధించింది. వాటికి బదులు వాడే కాశ్మీరీ మిరపకారంతో వచ్చే ఎరుపు కాస్త తక్కువే ఉంటుంది. ఫొటోలో తేడా తెలుస్తుంది, నాలుక మీద తెలియదు.

మనిషి చంద్రుడి మీదికి వెళ్లే రోజుల్లో, 1960లలో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు ఒక చిక్కొచ్చింది. రోదసిలో ఎవరికైనా వాంతులైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే దారి లేదు. పిల్స్‌బరీ అనే పిండి కంపెనీతో కలిసి వాళ్లు కొత్త పద్ధతి కనిపెట్టారు. తయారైన తిండిని పరీక్షించడం కాదు, తయారీలో ఎక్కడెక్కడ తేడా వచ్చే వీలుందో ఆ చోట్లను ముందే గుర్తించి అక్కడ కాపలా పెట్టడం. దాన్నే ఇవాళ హసాప్ అంటున్నారు, ప్రపంచంలోని పెద్ద వంటశాలలన్నీ దాని మీదే నడుస్తాయి. నాచారం గల్లీలో నాలుగు భట్టీల వంటశాలకు అంత హంగు అక్కర్లేదు. రెండు వందల పేజీల లాంగ్‌బుక్ ఒకటి చాలు. ఐటమ్, దించిన గంట, అప్పటి వేడి, వడ్డన మొదలైన గంట, అప్పటి వేడి, వడ్డన ఆపిన గంట. ఆరు గడులు. మొదటి పదిహేను రోజులు మాస్టర్ నవ్వుతాడు. నెల తిరిగేసరికి ఏ ఐటమ్ ప్రతిసారీ ముందే దిగి ఎదురుచూస్తోందో పుస్తకమే చెప్తుంది, నవ్వడం మానేసి ఆ ఐటమ్‌ను వెనక్కి జరుపుతాడు.

ఇది చదువుతున్నవాళ్లలో ఈ నెల ఆర్డరు చేతిలో ఉన్నవాళ్లు ఉంటే ఒక పని చేయండి. కస్టమర్‌కు ఇచ్చే కొటేషన్‌లో మెనూ కింద రెండు గీతలు కొట్టి రెండు సమయాలు ఖాళీగా వదలండి: తొలి ప్లేటు ఎన్నింటికి, వడ్డన ఆపేది ఎన్నింటికి. కార్డులో వేసిన సమయం కాదు, జనం నిజంగా తినే సమయం ఇంటిపెద్దను అడిగి ఆయన చేతే రాయించుకోండి.